ఎత్తు మీద ఆగిన చిన్న కారు

చెల్లాయికి,

నీ ఉత్తరం అందింది. ఆస్పత్రివాళ్ళు నీకు స్కూటరు మాన్పించి కారు ఇస్తామనడం మంచి మాట. ఇంటింటికీ తిరిగే నర్సువి. పచ్చి బాలింతల్ని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని మీ ఆస్పత్రి ముందున్న ఆ ఎత్తు ఇన్నాళ్ళూ ఎలా ఎక్కించావో నాకు తెలియదు. ఏ కారు కావాలో నిన్నే తేల్చుకోమన్నారు గనుక, మేం కొన్న చిన్న కారు ఎలా నడుస్తుందో రాయమన్నావు. రాస్తున్నాను.

ముందు తలుపు. వేస్తే డబ్బా మూత పెట్టినట్టుంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు తోలి రిటైరైనవాణ్ణి, మొదటిరోజు నవ్వొచ్చింది. ఇంజను చిన్నది. ఆగి ఉన్నప్పుడు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది, కదిలాక సర్దుకుంటుంది. రెండో గేరులో మూలుగుతుంది, మూడో గేరు పడ్డాక ఊపిరి తీసుకుంటుంది. క్లచ్ తేలిక. గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా నడుముకే. వెనక కూర్చుంటే ఇంకా ఎక్కువ, మోకాళ్ళు ముందు సీటుకు తగులుతాయి. కిటికీ అద్దం సగం దించితే గలగలమంటుంది, పూర్తిగా దించితే ఊరుకుంటుంది. వేగం ఎనభై దాటితే పక్కవాళ్ళ మాట వినపడదు. మీ వదినకు అది కష్టం, నాకు సుఖం.

మీ వదిన కుట్టిన యూనిఫారాల మూటలు బడులకు ఈ బండిలోనే చేరవేస్తున్నాం. వెనక సీటు మడిస్తే ఆరు మూటలు పడతాయి. బండి పిసినారిది, పెట్రోలు నాలుక తడుపుకున్నట్టు తాగుతుంది. నీకు సరిపోతుందనే నా ఉద్దేశం.

ఉంటాను.
నీ అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం మా డాక్టరమ్మకు చదివి వినిపించాను. "మీ అన్నయ్య బస్సు తోలాడా, టిక్కెట్టు కొనుక్కుని బస్సులో తిరిగాడా?" అని నవ్వింది. నడుము, మోకాళ్ళు, కిటికీ అద్దం, అన్నీ రాశావు. నాకు కావలసింది రాయలేదు.

మా ఆస్పత్రి గేటు ఎత్తు మీద ఉంటుంది, నీకు తెలుసు. వాచ్‌మన్ వచ్చి తీసేదాకా ఆ ఎత్తు మీదే ఆగాలి. ఆగిన బండి మళ్ళీ కదిలేటప్పుడు వెనక్కి జారుతుందా? కొన్ని కొత్త కార్లు బ్రేకు వదిలినా రెండు మూడు క్షణాలు వాటంతటవే పట్టుకుని నిలుస్తాయట. నీ కారు అలా నిలుస్తుందా? నేను లైసెన్సు తీసుకుని నాలుగు నెలలే. మూడు పెడళ్ళకు రెండు కాళ్ళు చాలడం లేదు నాకు.

గురువారం నాకు సెలవు. వస్తాను. నువ్వు తోలు, నేను పక్కన కూర్చుని చూస్తాను. వదినకు చెప్పు, నాకోసం పని ఆపుకోవద్దని.

నీ చెల్లెలు


చెల్లాయికి,

గురువారం రావద్దు. బండి సర్వీసుకు ఇస్తున్నాం. ఆ తర్వాత బడులు తెరిచేదాకా మీ వదినకు తల ఎత్తే తీరిక ఉండదు.

నువ్వడిగినదానికి జవాబు. జారదు. ఇక్కడ రైలు వంతెన ఎక్కే చోట సిగ్నలు దగ్గర రోజూ ఆగుతాం. వెనక ఏదో ఒక లారీ ముక్కు ఆనించినట్టు నిలబడి ఉంటుంది. పచ్చలైటు పడ్డాక మన బండి బెత్తెడు కూడా వెనక్కి పోదు. నువ్వన్నట్టు పట్టుకునే నిలుస్తుంది. నా మాట మీద తీసుకో.

మీ డాక్టరమ్మకు చెప్పు, ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఒక్క కోడిని కూడా తొక్కలేదని.

నీ అన్నయ్య


అన్నయ్యకు,

నీ మాట మీద అదే కారు తీసుకున్నాం. వచ్చి పదకొండు రోజులైంది. నువ్వు రాసినవన్నీ నిజమే, కిటికీ అద్దంతో సహా. ఒక్కటి తప్ప.

సోమవారం పొద్దున ఒక బాలింతను కుట్లు విప్పించడానికి తీసుకొస్తున్నాను. ఆపరేషన్ అయి ఎనిమిదో రోజు. వెనక సీటులో ఆమె, ఒళ్ళో బిడ్డ, పక్కన వాళ్ళత్త. గేటు దగ్గర ఆగాను. వాచ్‌మన్ గేటు తీశాక బ్రేకు మీంచి కాలు తీశాను. బండి పట్టుకుంటుంది కదా అని తొందరపడలేదు. అది వెనక్కి పోయింది. నేను మళ్ళీ బ్రేకు వెతుక్కునేసరికి పిట్టగోడకు తగిలి ఆగింది.

బిడ్డ నిద్ర కూడా లేవలేదు. బిడ్డను పట్టుకోబోయి తల్లి మెలితిరిగింది. ఒకచోట కుట్టు పిగిలితే మళ్ళీ వేయాల్సి వచ్చింది. వాళ్ళత్త అంది: "నీకు బిడ్డల్ని పట్టుకోవడం వచ్చు తల్లీ, బండి పట్టుకోవడం రాదు."

కారు తాళాలు డాక్టరమ్మకు ఇచ్చేశాను. మళ్ళీ స్కూటరే. "తోలినవాడు రాసిందేగా, ఇట్లా ఎందుకైంది?" అని ఆవిడ అడిగింది. షోరూమువాణ్ణి అడిగాను. ఈ కారుకు అలా నిలబెట్టే ఏర్పాటే లేదన్నాడు. మీదీ ఇదే కారు. బండి సంగతిలో నువ్వు పొరబడే మనిషివి కావు. ఎలా జరిగిందో రాయి. కోపంతో అడగడం లేదు. కొంచెం కోపం ఉంది.

నీ చెల్లెలు


చెల్లాయికి,

ఆ తల్లికి ఎలా ఉందో ముందు రాయి.

నేను ఈ కారు ఒక్కరోజు కూడా తోలలేదు. నిరుడు లైసెన్సు రెన్యువల్‌కు వెళితే కంటి డాక్టరు సంతకం పెట్టలేదు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కలు పోయాయి. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. పోయిన చూపు రాదు, ఉన్నది నిలుపుకోవడానికి చుక్కలు వేసుకోమన్నారు. అప్పుడు మీ వదిన డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళి నేర్చుకుంది. ఆమె తోలుతుంది, నేను పక్కన కూర్చుంటాను. నీకు రాసినదంతా ఆ సీటులోంచి రాసిందే. క్లచ్ తేలికన్నది మాత్రం ఆమె మాట. నువ్వు నన్ను డ్రైవరనుకుని అడిగావు. కాదని రాయడానికి చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను.

"మన బండి జారదు కదే?" అన్నాను.

"ఎందుకు జారదూ? నేను హ్యాండ్‌బ్రేకు వేసి ఎక్కిస్తాను కాబట్టి జారడం లేదు."

"ఎప్పుడు వేశావు? నేను చూడనే లేదే."

"రోజూ వేస్తాను. మీ మోకాలి పక్కనే."

"చప్పుడన్నా రావాలిగా?"

"బటన్ నొక్కిపట్టి లాగితే రాదు."

"దొంగతనమా ఏమిటి, అంత చప్పుడు కాకుండా?"

"ఎత్తు మీద హ్యాండ్‌బ్రేకు వేసేవాడు అమ్మ కొంగు పట్టుకుని బడికెళ్ళేవాడితో సమానమని మీరేగా అనేది? ముప్పై ఏళ్ళు ఇంట్లో విన్నాను. కారులో కూడా వినే ఓపిక లేదు నాకు."

అన్నాను. డిపోలో కొత్త డ్రైవర్లందరినీ అన్నాను. ఆ మాటకు జడిసి ఆమె చప్పుడు లేకుండా వేసింది. నా మోకాలికి జానెడు దూరంలో ఆమె చెయ్యి కదులుతుంటే నాకు కనపడలేదు. బండే నిలుస్తోందనుకుని నీకు రాశాను. నా చూపు అంత పోయిందని ఆమెకూ అప్పుడే తెలిసింది. కుట్టు మిషను ఆపేసింది. తర్వాత, "ఉత్తరం రాయండి, ఉన్నదున్నట్టు రాయండి" అంది.

ఇది మీ డాక్టరమ్మకు చూపించు. తప్పు నాది, నీ కాలుది కాదు. తాళాలు తిరిగి తీసుకో. గురువారం మేమిద్దరం వస్తున్నాం. బ్రేకు మీద కాలు ఉండగానే హ్యాండ్‌బ్రేకు లాగాలి. క్లచ్ కొంచెం కొంచెం వదులుతుంటే బండి ముక్కు లేస్తుంది, అప్పుడు హ్యాండ్‌బ్రేకు దించాలి. మీ గేటు దగ్గర మీ వదిన దగ్గరుండి నేర్పుతుంది. నీకు చెయ్యి కుదిరేదాకా వెనక సీటులో నేను కూర్చుంటాను. ఆ తర్వాత ఆ బాలింత ఇల్లు చూపించు, వాళ్ళత్తకు నేనే చెప్పుకోవాలి.

నిన్న మూటలు దించి వస్తుంటే ఎత్తు మీద ఆగాల్సి వచ్చింది. మీ వదిన బటన్ నొక్కకుండానే లాగింది. టకటకమని నాలుగుసార్లు గట్టిగా మోగింది. నావైపు చూసిందేమో, నాకు కనపడలేదు. అమ్మ కొంగు మాట నేను ఎత్తలేదు.

నీ అన్నయ్య