బోర్డు కింది చక్రం

ప్రియమైన నాన్నకి,

వేళకి తింటున్నాను, అది అడగకు. మిగతాదే బాగాలేదు. ఈతకొలను బోర్డు మీద నాలుగడుగులు వేసి నీళ్లలోకి ఎగరాలి కదా, ఒక్క అడుగు అటూ ఇటూ అయితే చాలు, భయమేసి ఆగిపోతున్నాను. నిన్న ఆరుసార్లు వెనక్కి నడిచాను. పోటీలో ఒకసారి ఆగితే మార్కులు కోస్తారు, రెండోసారి ఆగితే ఆ డైవ్‌కి సున్నా. నెలరోజుల్లో ఎంపిక పోటీ. ఇలాగే ఉంటే జట్టులో నా పేరుండదు.

బోర్డు బిగువు మార్చే చక్రం ఉంటుందే, నువ్వొచ్చినప్పుడు చూశావు, దాన్ని గీత గీసి మరీ రోజూ ఒకేచోట పెట్టుకుంటున్నాను. అయినా అడుగు ఒకేలా పడదు. అలా పడేదాకా నాకు ధైర్యం రాదు నాన్నా.

నీ కప్పపిల్ల

*

నా కప్పపిల్లకి,

ఇరవై ఆరేళ్లుగా బస్సు నడుపుతున్నాను. బ్రేకు ఏ రోజూ ఒకేలా తొక్కలేదు. వానకి ఒకలా, జనం కిక్కిరిస్తే ఇంకోలా. తలుపు మాత్రం స్టాపులో నిలబడ్డవాళ్ల ముందే తెరుచుకుంటుంది. మొదటి ఏడాది సంగతి వేరు, అప్పుడు వాళ్లే పరిగెత్తుకొచ్చేవాళ్లు.

మీ అమ్మ నీ బెంగతో కూరలో రెండుసార్లు ఉప్పేసింది. నోరెత్తకుండా తిన్నాను.

నాన్న

*

ప్రియమైన నాన్నకి,

నీ బస్సు కబుర్లకేం గానీ, ఇక్కడ నా ప్రాణం తోడేస్తున్నారు. మూడు వారాలుగా కోచ్ ఆ చక్రాన్ని రోజుకోచోట పెడుతున్నారు. నన్ను ముట్టుకోనివ్వరు. "వెనక్కి నడిచేది లేదు. అడుగు ఎలా పడినా దూకాల్సిందే" అంటారు. నీళ్లకి కొట్టుకుని వీపు కందిపోయింది. ఈ పాడు ఉపాయం ఎవరిదో గానీ, వాళ్ల బండి రోజూ పంక్చరవ్వాలి!

నీ కప్పపిల్ల

*

ప్రియమైన నాన్నకి,

గెలిచాను! మొదటి స్థానం! జట్టులో ఉన్నాను!

చివరి డైవ్‌లో మూడో అడుగు పొట్టిగా పడింది. ఇదివరకైతే అక్కడే ఆగేదాన్ని. ఈసారి నాలుగో అడుగు కాస్త సాగదీసి, గట్టిగా తొక్కి ఎగిరాను. గాల్లో ఉండగానే తెలిసిపోయింది, ఇది నాదేనని. నీళ్లు చిందనే లేదు. పైకి తేలేసరికి హాలంతా లేచి నిలబడి ఉంది. ఏడ్చేశాను.

తర్వాత కోచ్ ఓ ఉత్తరం చేతికిచ్చారు. అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను. "మా పిల్లకి సాఫీ రోడ్డు ఇవ్వకండి సార్. ఆ చక్రం రోజుకోచోట పెట్టండి. తిడితే తిట్టనివ్వండి, నా పేరు మాత్రం చెప్పకండి."

అంటే ఇన్నాళ్లూ నేను తిట్టింది నిన్నా! ఆ పంక్చర్ శాపం వెనక్కి తీసుకుంటున్నాను. ఇకమీదట వెనక్కి తీసుకునేది అదొక్కటే.

ఆగకుండా దూకిన
నీ కప్పపిల్ల