పిచ్చుక కోసం ఉంచిన కుర్చీ

అక్కా,

"వెళ్లవే, నలుగురితో కలువు" అని నువ్వు పోరుపెట్టావని ఈ సాఫ్ట్‌వేర్ వాళ్ల సదస్సుకి వచ్చాను.

ఏళ్లుగా నెట్‌లో ప్రోగ్రాములు రాసి అందరికీ ఊరికే ఇస్తున్నాను కదా, నువ్వు పెట్టిన 'పిచ్చుక' పేరుతో. ఇక్కడివాళ్లకి నేను తెలిసింది ఆ పేరుతోనే. బ్యాడ్జీ కోసం వివరాలు పంపేటప్పుడు మాత్రం బుద్ధి గడ్డితిని, ఆఫీసు అలవాటుకొద్దీ అసలు పేరు రాశాను. పొద్దుట్నుంచీ అందరూ నా బ్యాడ్జీ చూసి, చూపు తిప్పుకుని వెళ్లిపోతున్నారు.

భోజనాల దగ్గర, రోజూ నాతో చాటింగ్‌లో కబుర్లాడే జట్టు కనిపించింది, బ్యాడ్జీల మీద పేర్లు చూసి పోల్చుకున్నాను. ఒక కుర్చీ ఖాళీ. పళ్లెం పట్టుకుని వెళ్లి, "కూర్చోవచ్చాండీ?" అన్నాను.

"సారీ అండీ, మా పిచ్చుక వస్తానన్నాడు. ఆయన కోసం ఉంచాం."

"నేనేనండీ" అనబోయి, "పర్లేదండీ" అనేసి వచ్చేశాను. గోడవారన నిలబడి తిన్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వాళ్లు ఆశగా తలెత్తి చూసేవారు. కాసేపటికి నేనూ చూడటం మొదలుపెట్టాను.

రేపు కూడా ఆ కుర్చీ ఉంచుతారంటావా? ఉంచితే, ఏమని చెప్పి కూర్చోవాలో వెంటనే రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు, గొంతు బాగాలేదు.

నీ పిచ్చుక