ఇబ్రాహీమియాలో నిజాయితీపరుడు

దమన్‌హూర్,
మార్చి 3, 1994

ఇంజనీరు వగ్దీ గారికి,

ఇన్షిరాహ్ టీచరు సలాములు. ముప్పై ఏళ్ళు పిల్లలకు సముద్రాలన్నీ పటంలోనే చూపించాను. రిటైరయ్యాక ఒక్కదాన్నైనా కళ్ళారా చూస్తూ బతకాలని అలెగ్జాండ్రియాలో ఫ్లాటు కొంటున్నాను. ఇబ్రాహీమియా పేటలో బేకరీ పక్క భవనం, నాలుగో అంతస్తు, ఎడమ తలుపు. బ్రోకరు చూపించాడు. గోడలు పాలలా ఉన్నాయి. యజమానిని ఇంకా చూడలేదు. కొనేవాళ్ళ తరఫున మీరు ఇళ్ళు తనిఖీ చేస్తారట కదా, వెంటనే వెళ్ళి చూడండి. ఈ ఉత్తరం రాసే హడావిడిలో పొయ్యి మీద బెండకాయ కూర మాడిపోయింది.

మీ జవాబు కోసం గుమ్మంలోనే నిలబడ్డ,
ఇన్షిరాహ్

తా.క.: సముద్రం కనబడాలంటే బాల్కనీలో కుర్చీ ఎక్కాలి. బాల్కనీ నా బరువు మోస్తుందో లేదో చూడండి. కుర్చీ సంగతి నేను చూసుకుంటాను.

అలెగ్జాండ్రియా,
మార్చి 8

గౌరవనీయులైన టీచరు గారికి,

ఇల్లు చూశాను. కొనకండి. బాత్రూం పైకప్పు పచ్చగా నాచు పట్టింది, కింద బకెట్టు పెట్టారు. కానీ యజమాని లాంటి మనిషిని ఇరవై ఏళ్ళ వృత్తిలో చూడలేదు. తనిఖీకి వచ్చానని చెప్పగానే చెయ్యి పట్టుకుని, "ఇప్పటికి వచ్చావా నాయనా! రా, ముందు బాత్రూం చూడు, వంటిల్లు చూసి తర్వాత ఏడుద్దువుగాని" అన్నాడు. అందరూ పగుళ్ళకు బీరువా అడ్డం పెడతారు. ఈయన బీరువా జరిపి మరీ చూపించాడు.

విధేయుడు,
వగ్దీ

తా.క.: బాల్కనీ గట్టిదే. కానీ సముద్రం చూడటానికి కుర్చీ చాలదు, ఇంకో అంతస్తు కావాలి.

దమన్‌హూర్,
మార్చి 12

ఇంజనీరు గారికి,

మీ ఉత్తరం ఏడుసార్లు చదివాను. నేను చూసినప్పుడు ఒక్క మరక లేదు. అంటే మనస్సాక్షి ఒప్పుకోక ఆయనే రంగు గీకేశాడన్నమాట. బాత్రూం బాగు చేయించుకోవచ్చు, అలాంటి మనిషి మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు? గురువారం వచ్చి సంతకం పెడుతున్నాను.

ఆనందం పట్టలేని,
ఇన్షిరాహ్

తా.క.: ఇల్లు అమ్మి ఆయన ఎక్కడికి వెళ్తున్నాడో కనుక్కోండి. పక్కింట్లోనే ఉంటే బాగుండు.

అలెగ్జాండ్రియా,
మార్చి 15

టీచరు గారికి, అతి తొందరగా,

సంతకం పెట్టకండి. మీ ప్రశ్న అడగడానికే మళ్ళీ వెళ్ళాను. "నేనెక్కడికి పోతానయ్యా? పదేళ్ళుగా భవనం సంఘానికి అర్జీలు పెడుతున్నాను. నువ్వు వాళ్ళు పంపినవాడివి కాదా?" అన్నాడు. ఆయన పేరు హాజీ దుసూకీ, ఇల్లు అమ్మడం లేదు. నేను నేలమీది ఇంటిని కూడా అంతస్తుగా లెక్కపెట్టి మీ కింది ఇంటికి వెళ్ళాను. మీ ఫ్లాటు ఇప్పుడు చూశాను, మచ్చ లేదు. ముందే అక్కడికి వెళ్ళి ఉంటే బాగుందని రాసేవాణ్ణి. కానీ హాజీ నెత్తిన పడే నీళ్ళు మీ బాత్రూంవే. లోపల గొట్టాలన్నీ కుళ్ళిపోయాయి.

సిగ్గుతో తల వంచుకున్న,
వగ్దీ

తా.క.: హాజీ నన్ను వదలడం లేదు. వాళ్ళు పంపకపోయినా వచ్చావు కదా, బాగుచేసి వెళ్ళమంటున్నాడు.

దమన్‌హూర్,
మార్చి 19

ఇంజనీరు గారికి,

మీ ఉత్తరం ఈ రోజే అందింది. గురువారమే సంతకం పెట్టేశాను. కంగారు పడకుండా వినండి.

ఓ పళ్ళెం బస్బూసా మిఠాయి చేసుకుని ఆ ఫ్లాటుకు వెళ్ళాను. గోడలు మళ్ళీ తెల్లగా ఉంటే, నాకోసం కొత్తగా రంగు వేయించాడనుకున్నాను. యజమాని కూర్చోగానే అందరి ముందూ అన్నాను: "అయ్యా, మీలాంటి నిజాయితీపరుణ్ణి నేను చూడలేదు. ఆ బాత్రూం సంగతి నాకంతా తెలుసు. అయినా మీ మీద గౌరవంతో కొంటున్నాను."

ఆయన ముఖం గోడకన్నా తెల్లబడింది. బ్రోకరు వైపు గుడ్లురిమి చూశాడు. తర్వాత మెల్లగా, "అమ్మా, ఇంతమందిలో ఎత్తిపొడవకండి. గొట్టాలన్నీ నా ఖర్చుతో మారుస్తాను. కింది ఇంటి పైకప్పు కూడా" అని ఒప్పందంలో తన చేత్తోనే రాశాడు. ఎంత మంచివాడో అని నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోమని ఆయనకు కూడా రుమాలు ఇచ్చాను. మీ ఉత్తరం చదివాకే తెలిసింది, నేను ఆయన్నేమన్నానో.

ఇప్పటికీ నవ్వాపుకోలేని,
ఇన్షిరాహ్

తా.క.: మా అక్క కూడా ఫ్లాటు కొంటుందట. చిరునామా పంపుతాను. దయచేసి ముందు కింది అంతస్తుకే వెళ్ళండి.