ఎనిమిది ఆపిన గోలీ

నారాయణఖేడ్,
7-9-1987.

టెలివిజన్ కేంద్రం, ఉత్తరాల విభాగం వారికి,

బస్ డిపోలో మెకానిక్‌గా పనిచేస్తూ, మిగిలిన పొద్దంతా హాకీ కోసం పరేషాన్ అయ్యే కిష్టప్ప అనే నేను, నారాయణఖేడ్ హాకీ అభిమానుల సంఘం కార్యదర్శి హోదాలో నమస్కారం పెట్టి రాసుకునే సంగతులు.

సంగారెడ్డిలో జరిగిన జిల్లా బాలికల హాకీ ఫైనల్‌కు మీ కెమెరా వచ్చింది. సంతోషం. మా ఖేడ్ పిల్లలు ఒకటి సున్నాతో గెలిచారు. ఇంకా సంతోషం. ఆ ఆటను మీరు పోయిన నెల ఒక శనివారం నలభై సెకన్లు చూపించారు. మల్లప్ప హోటల్లో టీవీ ముందు అరవై మందిమి ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అందులో పదిహేను సెకన్లు ముఖ్య అతిథి మెడలో దండ. పది సెకన్లు ఆ దండ వేసినాయన. మిగిలిన దాంట్లో మా సెంటర్ ఫార్వర్డ్ పుష్పమ్మ కొట్టిన గోలు. అంతే, వాతావరణం మొదలైంది.

ఆ గోలు చూసి హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్ వాళ్లు పుష్పమ్మను ఎంపికకు పిలిచారు. మంచిదే, ఆ పిల్ల మా పిల్లే. కానీ మా గోల్ కీపర్ సంగతేమిటి? పదో తరగతి పిల్ల. మేమంతా ముద్దుగా గోలీ అంటాం. ఆ రోజు ఎనిమిది గోలులు ఆపింది. ఒక్కటీ మీ టీవీలో రాలేదు కాబట్టి ఆ పిల్లకు పిలుపు కూడా రాలేదు. అమ్మానాన్నలది పక్కనున్న కంగ్టి ఊరు. ఏటా దీపావళి వెళ్లగానే చెరకు కొట్టే పనికి వలస పోతారు. హాస్టల్లో చోటు రాకపోతే ఈసారి పిల్లనూ వెంట తీసుకుపోతారు. ఇక చదువూ లేదు, హాకీ లేదు.

ఈ మాట మీదే మల్లప్పకూ నాకూ పడింది. "గోల్ కొట్టినోళ్లదే వాల్యూ కిష్టప్పా. ఆపెటోళ్లది ఏమున్నది, తలుపు లెక్క నిలవడుడే గదా" అన్నాడు. తలుపు లేని ఇంట్లో నువ్వు పడుకుంటావా అని నేనడిగాను. అప్పటి నుంచి హోటల్లో కొట్టేవాళ్ల బెంచీ వేరు, ఆపేవాళ్ల బెంచీ వేరు. మా బెంచీకి చాయ్ చల్లారాక వస్తోంది.

(రెండో కాగితం)

ఇక అసలు సంగతి, మా గోలీ. పేరు రాస్తే సిఫారసు అవుతుందని సంఘంలో నియమం ఉంది కాబట్టి పేరు రాయను. ఖేడ్ చుట్టుపక్కల మా గోలీ గొప్పతనం తెలియని వాళ్లు లేరు. ఎంత జోరుగా వచ్చినా ఆపుతుంది. ఒక్క పూటలో ఎనిమిది ఆపింది, నేను దగ్గరుండి లెక్కపెట్టాను. పోయినేడు ఈ గోలీ లేనప్పుడు మావాళ్ల అవస్థ చెప్పుకోలేం. గంటలో తొమ్మిది అయ్యాయి. నలుగురిలో తలెత్తుకోలేకపోయాం. ఇంత విలువైన గోలీని టీవీలో ఒక్కసారి చూపిస్తే రాష్ట్రానికే మేలు. దీపావళి దాటితే మాత్రం లాభం లేదు.

ఇట్లు,
మీ ప్రసారాలను కళ్లు చిట్లించుకుని చూసే
కిష్టప్ప.

తా.క.: గుండుసూది దొరకలేదు. దయచేసి రెండు కాగితాలూ కలిపి చదవగలరు.


హైదరాబాదు,
16-9-1987.

శ్రీ కిష్టప్ప గారికి, ఆరోగ్య కార్యక్రమం సహాయకుడు స్తెఫను నమస్కరించి వ్రాయునది.

"ఇక అసలు సంగతి" అని మొదలయ్యే మీ కాగితం మా విభాగానికి చేరింది. మరొక కాగితం క్రీడా విభాగానికి పోయిందట. వారిది పై అంతస్తు కనుక దాని సంగతి నాకు తెలియదు.

హాకీ సంఘం వారై ఉండి ఊరి క్షేమం ఇంతగా పట్టించుకోవడం అభినందనీయం. మాది తెనాలి వైపు. మీ మాట నాకు కొత్త. మా డ్రైవరు మీ జిల్లా వాడే. అతను అర్థం చెప్పాక విషయం బోధపడింది. ఈ కాలంలో రాష్ట్రమంతా ఇదే బాధ. మా ఇంట్లోనే ముగ్గురం పడుతున్నాం. ఒక్క పూటలో ఎనిమిది ఆపిందంటే మాటలు కాదు.

చూపించే ముందు కొన్ని వివరాలు కావాలి. మీ గోలీ దేనితో తయారైంది? రోజుకు ఎన్ని పూటలు? భోజనానికి ముందా, తర్వాతా? పిల్లలకు ఇవ్వవచ్చా? వాంతులు, తల తిరగడం వంటివి ఏమైనా కనిపించాయా? ఎక్కడ ఉంచుతున్నారు, ఎండ తగిలితే పాడవుతుందా? దయచేసి దాచకుండా రాయండి.

భవదీయుడు,
స్తెఫను.

తా.క.: పేరు రాయకపోవడం మంచిదైంది. రాస్తే వ్యాపార ప్రకటన కిందికి వస్తుంది.


నారాయణఖేడ్,
21-9-1987.

స్తెఫను సార్‌కు కిష్టప్ప వెయ్యి నమస్కారాలు.

ఆటలను మీ కేంద్రంలో ఆరోగ్యం కింద పెట్టారని ఇప్పుడే తెలిసింది. చాలా సబబు. మీ ఇంట్లో ముగ్గురూ మాలాగే బాధపడుతున్నారని చదివి నాకు కళ్లు చెమర్చాయి. మీ ఉత్తరం హోటల్లో పైకి చదివాను. మా బెంచీ మొత్తం లేచి నిలబడింది.

అడిగినవి రాస్తున్నాను. తయారైంది జొన్నరొట్టె, పప్పుతోనే, వేరే రహస్యం లేదు. కంగ్టి మట్టిలోనే ఆ గట్టితనం ఉంది. రోజుకు రెండు పూటలు, పొద్దున ఆరింటికి, సాయంత్రం ఐదింటికి. ఎప్పుడూ భోజనానికి ముందే. తిన్నాక అయితే చురుకు తగ్గుతుంది. పిల్లలకు ఇవ్వడం గురించి అడిగారు. కల్హేర్ బడి పిల్లలకు ఒక్కసారి ఇవ్వమని వాళ్ల సార్లు వచ్చి బతిమాలారు. ఇవ్వలేదు. మాకున్నదే ఒకటి.

వాంతి ఒకేసారి, అదీ సంగారెడ్డి బస్సులో. తల మాత్రం జిల్లా గెలిచాక నాలుగు రోజులు కొంచెం తిరిగింది. నేను గట్టిగా రెండు మాటలు అన్నాక కుదురుకుంది. ప్రస్తుతం ఖేడ్‌లో మా అక్క అమృతమ్మ ఇంట్లో ఉంచాం. ఎండ తగిలితే ఏమీ కాదు సార్, ఎండలోనే ఇంకా బాగా పనిచేస్తుంది.

ఆపేవాళ్లకు వాల్యూ లేదనే మల్లప్ప ఇంకా దిగిరాలేదు. మీరు కెమెరాతో రండి. డిపో వెనక మైదానంలో అందరి ముందు చూపిస్తాం.

ఇట్లు,
మీ రాక కోసం ఎదురుచూసే
కిష్టప్ప.

తా.క.: నమ్మకం కుదరకపోతే మీ కెమెరావాళ్లు కూడా తలా రెండు ప్రయత్నించవచ్చు. ఒక్కటీ పోదు, నాది పూచీ.


హైదరాబాదు,
30-9-1987.

మిత్రులు కిష్టప్ప గారికి స్తెఫను నమస్కారములు.

మీ ఉత్తరంలో మొదటి వాక్యం ఆటల గురించి కనుక దాన్ని కత్తిరించి పై అంతస్తుకు పంపాను. మిగిలినది మా డైరెక్టరు గారికి చదివి వినిపించాను. జొన్నరొట్టె, పప్పు అనగానే ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. తల తిరిగితే రెండు మాటలతో తగ్గించారన్నచోట ఆగి, ఈ కిష్టప్ప సామాన్యుడు కాడు అన్నారు.

ఒక్క సందేహం. మీకున్నది ఒకటే అన్నారు. ఒక్కదానితో ఊరంతటికీ ఎలా సరిపోతుంది? అరగదీస్తున్నారా?

అక్టోబరు 10న బయలుదేరి వస్తున్నాం. 15వ తేదీ గురువారం సాయంత్రం పదిహేను నిమిషాల కార్యక్రమం మొత్తం మీ గోలీకే కేటాయించాం. పత్రికలకు ప్రకటన కూడా పంపేశాను. ఈ ఉద్యోగంలో చేరి ఎనిమిదేళ్లయింది. నా అంతట నేను తెచ్చిన అంశం ఇదే మొదటిది. నా పరువు మీ చేతిలో ఉంది.

భవదీయుడు,
స్తెఫను.

తా.క.: ప్రయత్నించడానికి మా కెమెరామన్ సంగమేశ్వర్ సిద్ధంగా ఉన్నాడు. అతనికి నిన్నటి నుంచే మొదలైంది.


నారాయణఖేడ్,
5-10-1987.

స్తెఫను సార్‌కు కిష్టప్ప తొందరలో రాసే కార్డు.

పదిహేను నిమిషాలు అన్న మాట నేను పైకి చదవగానే మల్లప్ప చేతిలో చాయ్ జల్లెడ కిందపడింది. ఒక్క నిమిషం నిండా చూపించినా తాను ఓడినట్టే, అప్పటి నుంచి మొదటి చాయ్ మా బెంచీకే అని అందరి ముందు ఒప్పుకున్నాడు.

అరగదీస్తున్న మాట నిజమే సార్. మీరు అన్నాక నాకే తప్పనిపించింది. ఆదివారం విశ్రాంతి ఇస్తున్నాం.

ఇట్లు,
కిష్టప్ప.

తా.క.: సంగమేశ్వర్ సార్‌కు నిన్నటి నుంచే అన్నారు. ఇక్కడ మాకు వారం నుంచే మొదలైంది. ఊళ్లో ఒక్కరూ ఒకచోట నిలకడగా కూర్చోవడం లేదు.


హైదరాబాదు,
12-10-1987.

ఆప్తులు కిష్టప్ప గారికి,

మొన్న మైదానంలో నా ముఖం పాలిపోవడం చూసి మీరు ఎండదెబ్బ అనుకున్నారు. మజ్జిగ తెప్పించారు. విసనకర్రతో విసిరారు. అంత ఆదరించిన మీకు అబద్ధం చెప్పడం నావల్ల కాదు.

అయ్యా, మీ వైపు మాత్రను గోలీ అంటారని మా డ్రైవరు చెప్పాడు. మీ కాగితంలోని గోలీ విరేచనాలు ఆపే మాత్ర అని నేను నమ్మాను. ఎనిమిది ఆపిందంటే నేను వేరే ఎనిమిది అనుకున్నాను. మీ కార్డు అందగానే ఊరంతటికీ జబ్బు అంటుకుందని హడలిపోయి, డాక్టరు గారిని, రెండు పెట్టెల సెలైన్ సీసాలను వెంట తెచ్చాను. జీపు దిగగానే దండలు వేసినవాళ్లను పట్టుకుని డాక్టరు గారు నాలుకలు చూపించమన్నది అందుకే. టీవీవాళ్ల పద్ధతి ఏమో అని మీవాళ్లు వరుసలో నిలబడి మరీ చూపించారు.

అప్పుడు మీరు "ఇదే సార్ మా గోలీ, శివమ్మ" అని ఆ పిల్లను ముందుకు తెచ్చారు. పాత బస్సు సీట్ల రెగ్జిన్‌తో మీరు కుట్టిన ప్యాడ్లు కాళ్లకు కట్టుకుని, నాకు నమస్కారం పెట్టింది. పత్రికల్లో ప్రకటన వచ్చేసింది. వెనక్కి వెళ్లి ఏమని చెప్పను?

సంగమేశ్వర్ కడుపు పట్టుకునే రెండు బంతులు కొట్టాడు. రెండూ ఆపింది. అతనికి పౌరుషం వచ్చి కడుపునొప్పి మరిచిపోయి ఇరవై కొట్టాడు. ఆ తర్వాత కెమెరా ఆమె ముందు పెట్టి, ఇంకెటూ తిప్పనన్నాడు. నేను ఆటలు ఎరగను కిష్టప్ప గారూ. కానీ బంతి రాకముందే ఆ పిల్ల కాలు అక్కడికి పోవడం చూశాను. నలభై సెకన్లలో అది కనిపించదు, పదిహేను నిమిషాలు కావాలి.

డైరెక్టరు గారికి నిజం చెప్పాను. చాలాసేపు తిట్టారు. గురువారానికి వేరే ఏమీ లేదు కాబట్టి చివరికి దీన్నే వేస్తున్నాం. వ్యాయామం గురించి డాక్టరు గారు వెనక నుంచి మాట్లాడతారు. తెర మీద మొదటి నుంచి చివరి దాకా శివమ్మే. ఆ తర్వాత నా ఉద్యోగం దేవుడి దయ.

భవదీయుడు,
స్తెఫను.

తా.క.: మీ మొదటి కాగితం పై అంతస్తుకు వెళ్లి అడిగి తెచ్చుకుని చదివాను. వాళ్లు దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకున్నారు.


నారాయణఖేడ్,
25-10-1987.

మా స్తెఫను సార్‌కు కిష్టప్ప, రెండు బెంచీలవాళ్లు కలిసి చేసే నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మొదట సిగ్గుపడ్డాను, తర్వాత డిపోలో బస్సు కింద పడుకుని ఒక్కణ్నే నవ్వుకున్నాను.

గురువారం హోటల్ బయట రోడ్డు దాకా జనం. కంగ్టి నుంచి శివమ్మ నాన్న వీరప్ప, తల్లి చంద్రమ్మ వచ్చారు. ఏడో నిమిషంలో మల్లప్ప లేచి వెళ్లి, మొదటి చాయ్ తెచ్చి నా చేతికిచ్చాడు. పొగలు వస్తున్నాయి. ఓడినవాడి ముఖంలా లేదు, ఆయన కూడా మురిసిపోతున్నాడు.

సార్, ఇక మీ తప్పు చేసిన మేలు వినండి. క్రీడావార్తల్లో వచ్చి ఉంటే హాస్టల్ కోచ్ సార్ దాన్ని చూసేవారే కాదు, రోజూ ఆ సమయంలో ఆయన మైదానంలో ఉంటారు, పుష్పమ్మ గోలైనా హాస్టల్లో వేరేవాళ్లు చూసి చెప్పిందే. ఆ వారం ఆయనకు విరేచనాలు. మూడు రోజులుగా ఇంటిపట్టునే పడి ఉన్నారు. పత్రికలో "విరేచనాలు ఆపే నారాయణఖేడ్ గోలీ" అన్న మీ ప్రకటన చదివి, మందు పేరు రాసుకుందామని కాగితం, పెన్సిలు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. పదిహేను నిమిషాలయ్యాక కాగితం మీద రాసుకున్నది "శివమ్మ, పదో తరగతి, ఎడమ కాలు చురుకు." ఇది ఎంపికల రోజున ఆయనే నాకు చెప్పారు.

పద్దెనిమిదిన పిలుపు వచ్చింది. ఇరవైన పుష్పమ్మను, శివమ్మను నేనే తీసుకుపోయాను. శివమ్మ గోలు ముందు నిలబడితే పుష్పమ్మ చేత పది కొట్టించారు. తొమ్మిది ఆగాయి, ఒకటి పోయింది. కోచ్ సార్ "ఆ తొమ్మిది ఆపింది కాబట్టే ఈ ఒక్కదానికి విలువ. ఇద్దరూ ఉండాల్సిందే" అన్నారు. రెండు నెలలుగా మేము రెండు బెంచీల మీద కూర్చుని తెగక కొట్టుకున్న మాట అది. ఇద్దరికీ చోటు దొరికింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మీ ఉద్యోగానికి ఏమైనా అయితే రాయండి. ఖేడ్ మొత్తం బస్సులెక్కి వచ్చి మీ డైరెక్టరు గారితో మాట్లాడతాం.

ఇట్లు,
ఎప్పటికీ మీవాడు
కిష్టప్ప.

తా.క.: చంద్రమ్మ, వీరప్ప నిన్న చెరకు పనికి పోయారు. ఇద్దరే పోయారు. బస్సు ఎక్కేముందు చంద్రమ్మ నన్ను పక్కకు పిలిచి, "అన్నా, గా చెరుకు తోటల కాడ టీవీ ఉంటదా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. మీకు తెలిస్తే వెంటనే రాయండి సార్, కబురు పంపిస్తాను.