మా ఆయన క్లియరెన్స్, నా రష్యన్

1983 ఫిబ్రవరి 8
లైబ్రరీలో ఆరో క్యాసెట్ దొరికింది. ఎవరో తీసుకెళ్ళి ఇన్నాళ్ళకి తిరిగిచ్చారు. పార్సిప్పనీ లాంటి అమెరికన్ ఊళ్ళో రష్యన్ నేర్చుకునే పిచ్చి నా ఒక్కదానికే లేదన్నమాట.

కుక్కర్ పొయ్యి మీద పెట్టి, పక్కన టేప్ రికార్డర్ పెట్టుకుని పాఠం. టేపులో ఆయన ఒక వాక్యం చెప్పి ఆగుతాడు. నేను తిరిగి చెప్పేదాకా ఆగుతాడు... ఈ ఇంట్లో నా మాట కోసం ఆగే మగవాడు ఆయనొక్కడే.

ఫిబ్రవరి 11
ప్రసాద్ ఆఫీసు నుంచి వచ్చేసరికి క్యాసెట్ తిరుగుతోంది. "ముందు నీ ఇంగ్లీష్ సంగతి చూసుకో" — షూ విప్పుతూ.

పెళ్ళయిన దగ్గర్నుంచీ దిద్దుతూనే ఉన్నారు. గుంటూరులో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. ఇక్కడ పార్టీల్లో నోరు విప్పితే ఆయన కళ్ళు నా పెదాల మీదే ఉంటాయి, ఎక్కడ పరువు తీస్తానో అని. రష్యన్‌లో నన్ను దిద్దడం ఆయన తరం కాదు. అందుకే నేర్చుకుంటున్నానేమో. చిన్నప్పుడు మాస్కో నుంచి వచ్చే తెలుగు పుస్తకాల్లో ఆ మంచూ, ఆ రైళ్ళూ చదివిన మోజు... అదీ ఉంది. కానీ కసి ఎక్కువ. ఇక్కడ రాసుకుంటే తప్పేముంది.

ఫిబ్రవరి 16, బుధవారం
లైబ్రరీలో రైసా. రష్యాలో ఉండలేక ఇక్కడికి వచ్చేసిన ముసలావిడ. బుధవారాలు అక్కడే కూర్చుని పేపర్లు చదువుతుంది. కిందటి నెల నా చేతిలో క్యాసెట్ పెట్టె చూసి తనే పలకరించింది. ఈవేళ నా వాక్యాలు విని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది — రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నావు, మనుషులు అలా మాట్లాడరు, అని. తన ఇంటికి తీసుకెళ్ళింది. టీలో పంచదార వెయ్యదు. చెంచాతో జామ్ నోట్లో పెట్టుకుని టీ చప్పరించాలట. మా నాయనమ్మ బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని కాఫీ తాగేదని రష్యన్‌లోనే చెప్పాను. బెల్లాన్ని ఏమంటారో తెలియక చేతులతో చూపించాను. అర్థమైంది ఆవిడకి! ఈ దేశం వచ్చాక నేనొక సంగతి మొదలుపెట్టి, ఎవరూ అడ్డు రాకుండా చివరిదాకా చెప్పడం ఇదే.

మార్చి 1
ప్రసాద్‌కి మిలిటరీ రాడార్ ప్రాజెక్ట్‌లో మేనేజర్ పోస్ట్ — రహస్యాల పనికి నమ్మొచ్చని గవర్నమెంట్ సెక్యూరిటీ క్లియరెన్స్ ఇస్తేనే. మనిషిని పంపి తెలిసినవాళ్ళ దగ్గర మా గురించి అడుగుతారట. "ఆ క్యాసెట్లు కొన్నాళ్ళు కనపడనీకు." రష్యా అంటే ఇక్కడ ఎంత మంటో నాకూ తెలుసు. చీరల కింద దాచాను. మధ్యాహ్నం మళ్ళీ తీశాను.

మార్చి 10
రాజ్యలక్ష్మి గారి ఫోన్. ఈ వీధి చివర ఉంటారు. ఇక్కడి తెలుగువాళ్ళకి పెద్దదిక్కు.

"ఏమ్మా సుభద్రా, మీ గురించి కనుక్కోడానికి ఒకాయనొచ్చాడే, సూటూ బూటూ వేసుకుని. జంతికలు పెట్టి కాఫీ ఇచ్చాను. ప్రసాద్ బంగారం అని చెప్పాను. నీ గురించీ చెప్పాన్లే! బాగా వండుతుంది, పాడుతుంది, 'షి నోస్ రష్యన్ ఆల్సో' అన్నాను. వెంటనే రాసుకున్నాడు తెలుసా!"

మన వైపు పెళ్ళి సంబంధం కోసం వాకబు చెయ్యడానికి ఎవరైనా వస్తే ఇరుగుపొరుగు ఇలాగే పొగుడుతారు. ఆవిడా అలాగే నా విలువ పెంచారు, పాపం. ఆవిడ మీద కోపం రావడం లేదు. ఫోన్ పెట్టగానే వెళ్ళి క్యాసెట్లు మళ్ళీ చీరల కింద పెట్టాను.

మార్చి 11
చెప్పక తప్పలేదు. కంచం ముందు నుంచి లేచిపోయారు. "ఇన్నేళ్ళ నా కష్టం నీ సరదాకి బలి."
సరదా!

మార్చి 15
మాటల్లేవు. ఉప్పు కావాలన్నా చెయ్యి చాపుతున్నారు.

మార్చి 22
ఆ మనిషి ఈసారి మా ఇంటికే వస్తాడట. ప్రసాద్ నాతో రిహార్సల్ చేయిస్తున్నారు. "ఏదో కాలక్షేపానికి మొదలుపెట్టాను, రాలేదు, మానేశాను — అంతే చెప్పు."
"రైసా గురించి అడిగితే?"
"ఎవరా రైసా?"
అప్పటిదాకా చెప్పనే లేదు. చెప్పాను. ఆ దేశం వద్దనుకుని వచ్చిందండీ ఆవిడ, అన్నాను. "అయితే? ఆవిడతో ఇంక మాటల్లేవు. అంతే."
క్యాసెట్లన్నీ ఆయనే పట్టుకెళ్ళి లైబ్రరీలో ఇచ్చేశారు.

మార్చి 29
వచ్చాడు. మర్యాదస్తుడే. మీకు రష్యన్ వచ్చట కదా, అని నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ప్రసాద్ నవ్వేశారు — ఆమెకి ఇంగ్లీషే ఇంకా సరిగ్గా రాలేదు, ఏదో మొదలుపెడుతుంది, మధ్యలో వదిలేస్తుంది, అని. అతనూ నవ్వాడు. నేనూ నవ్వాను.

నన్ను దద్దమ్మను చేసి గట్టెక్కారు. అబద్ధమని తెలిసి ఆడి ఉంటే ఇంత మండేది కాదు. అది నిజమనే నమ్ముతున్నారు.

జూన్ 14
క్లియరెన్స్ వచ్చింది. నన్ను దగ్గరికి తీసుకున్నారు కూడా. ఇప్పుడు క్యాసెట్లు తెచ్చుకోనా, అన్నాను. "పిచ్చా నీకు? ఇప్పుడే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మళ్ళీ మళ్ళీ చెక్ చేస్తారు."
అంటే ఎప్పటికీ అన్నమాట.

జూన్ 19, ఆదివారం
పార్టీ. పులిహోర, గారెలు. రాజ్యలక్ష్మి గారు అందరికీ చెప్తున్నారు, నా మాట వల్లే వచ్చింది, అని. ఫోన్ మోగితే ఎత్తాను. రైసా. కూతురి దగ్గరికి వెళ్ళి ఇన్నాళ్ళూ అక్కడే ఉండిపోయిందట, నిన్ననే వచ్చిందట. ఎలా ఉన్నావు, ఒంట్లో బాగాలేదా, లైబ్రరీలో వాళ్ళు నువ్వు రావడం మానేశావన్నారు... గబగబా, రష్యన్‌లో, మనుషులు మాట్లాడినట్టు. ఒక్క మాట పోకుండా అర్థమైంది.

ప్రసాద్ గ్లాసు పట్టుకుని నా వైపే చూస్తున్నారు.

"రాంగ్ నంబర్" అన్నాను, ఇంగ్లీష్‌లో.

నా గొంతు గుర్తుపట్టింది. తనూ ఇంగ్లీష్‌లోనే, "సారీ, మేడమ్" అని పెట్టేసింది.

జూన్ 22, బుధవారం
పొద్దుటి నుంచి ఫోన్ పక్కనే కూర్చున్నాను. క్షమించమని అడగడం వచ్చు. ఎందుకలా చేశావని అడుగుతుంది. మా ఆయనకి భయపడ్డానని చెప్పాలి. అదీ రష్యన్‌లో చెప్పగలను. చెప్పడానికి నోరే రావడం లేదు...