జహీరాబాద్ దాకా తీగ

1973, ఆషాఢ అమావాస్య. రాత్రి.

ఇవాళ పొద్దున తమ్ముడు యాదగిరి ఫ్యాక్టరీ పనిమీద మోటారు సైకిల్‌పై షోలాపూర్ బయలుదేరాడు. సంగారెడ్డిలో దిగుదామని నేనూ వెనక కూర్చున్నాను. కంది ఊరి దగ్గర చైన్ తెగింది.

రోడ్డు పక్క మెకానిక్ ముందు ఒప్పుకోలేదు. "అమాసనాడు పాన ముట్టమక్కా, మాకు అచ్చిరాదు." నేనే బతిమాలాను. తెగిన కొసలు కలిపే చైన్ లాక్ లేదని ఇనుప తీగ చుట్టాడు.

"జహీరాబాద్‌ల కొత్తది ఏపించుకో. గప్పటిదాంక జెర మెల్లగ పో. తీగ తెగితే చైన్ చక్రంల ఇరుకుతది."

"మా ఫ్యాక్టరీల పెద్ద పెద్ద మిషన్లే తీగ మీద నడుస్తయ్ భాయ్!" వాడు నవ్వాడు. "అక్కా, నువ్వు ఇంటికి పో. దేవునికి నా పేరు జెర గట్టిగ చెప్పు."

తిరుగు బస్సులో కూర్చున్నాక గాని తట్టలేదు. అమావాస్య కందికి ఒక్కదానికేనా? జహీరాబాద్‌లోనూ మెకానిక్కులు దుకాణాలు మూసే ఉంటారు. వాడు ఆగే రకం కాదు. ఆ తీగతోనే షోలాపూర్ దాకా పోతాడు.

సాయంత్రం నుంచి వాన. జపానికి కూర్చుంటే నామం సగంలోనే ఆగిపోతోంది...

ఇందాక మరదలు వచ్చి అడిగింది. "బండి మంచిగైందా వదినా?"

దీపం ముందు కూర్చునే చెప్పాను. "మంచిగైంది. పోయి పండుకో."