ఆది చొక్కా

బావా,

కొత్త చొక్కాకి ఆది పంపమని అక్క ఫోన్ చేసింది. పాతది పంపుతున్నాను గానీ, దాని కొలతకి కత్తెర వెయ్యకు. నాకు హెచ్ఐవీ ఉందని తెలిసిన ఏడాది నువ్వు కుట్టిందే అది. ఇప్పుడు చేతులు అందులో గంట నాలుకల్లా ఆడుతున్నాయి, పొట్ట దగ్గరేమో బొత్తాం అందదు.

తిండి మానేశానేమోనని అక్క బెంగ. అదేం కాదు. ఇన్నేళ్లూ మింగిన పాత మాత్రలు బుగ్గల్లో, చేతుల్లో కొవ్వు కణాల్ని తినేశాయట. పొట్టలో మాత్రం కొవ్వు పేరుకుందట. డాక్టరమ్మ మందు మార్చింది. బుగ్గలు మళ్లీ నిండుతాయని మాటివ్వలేనంది. వైరస్ మాత్రం పరీక్షకి దొరకనంతగా అణిగిపోయిందంది. ఆ బేరం నాకు నచ్చింది.

బస్సెక్కేవాళ్లు "డ్రైవరుగారు సుఖపడి పొట్ట పెంచారు" అంటున్నారు. నేను కాదనడం లేదు.

కొత్త కొలతలు వెనక రాశాను. మొన్న ఈ చొక్కాని వదులు చేయిద్దామని ఇక్కడి దర్జీకిస్తే, కుట్టు విప్పి చూసి, లోపల గుడ్డే వదల్లేదన్నాడు. ఆ గుడ్డతో పనిపడేదాకా నేనుంటానని అప్పుడు నువ్వూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఈసారి లోపల గుడ్డ ధారాళంగా వదులు బావా. ఇంకా లావయ్యే ఉద్దేశంలో ఉన్నాను.

నీ బావమరిది